నేను వదులుకోని పగడాల గోడ

రివర్టన్ నివాసి, ఎనభై ఒక్క ఏళ్ల యూయన్ మెక్‌రాస్టీ అనే నేను, మోకాళ్లు అరిగినా తెలివి అరగకుండా, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. ఇదివరకు రాసినవి చెల్లవు. అమలు జరపవలసింది నా కూతురు మోరాగ్.

1. ఇల్లు, పడవ, లాబ్‌స్టర్లు పట్టే బోనులన్నీ మోరాగ్‌కే. చలికి ఇంజను మొరాయిస్తుంది. తిట్టకు తల్లీ, కాస్త ఆగు.

2. బావమరిది ఫెర్గస్‌కు నా వానకోటు. జేబులు వెతకనక్కర్లేదు, ఏమీ లేవు.

3. ఇరవై ఏళ్ల కిందట, కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలు, మా ఫియర్డ్‌లలో నీటి అడుగున బతికేవాటిని కాపాడాలని బోనులవాళ్లం, డైవర్లం, పర్యాటక పడవలవాళ్లం ఒక కమిటీగా ఒకే బల్ల చుట్టూ కూర్చున్నాం. ప్రతి వర్గమూ తనకు ప్రియమైనదొకటి వదులుకోవాలి. నేను లేచి డోర్కాస్ పాయ ఉత్తరపు మూల వదిలేశానన్నాను. హాలంతా చప్పట్లు. అక్కడ పదేళ్లలో నాకు దొరికింది ఒక పాత బూటు. ఫెర్గస్ నా చెవిలో, "ఏం త్యాగం బావా! నాకైతే ఏడుపొచ్చేసింది" అన్నాడు. ప్రతి క్రిస్మస్‌కూ అదే మాట.

బోనులు నిండే నా అసలు చోటు వేరే. పైన టీ రంగు వాననీళ్లు, ఆ చీకటి కింద రాతిగోడకు నల్లపగడాల చెట్లు. పేరుకే నలుపు, బతికున్నంతకాలం మంచు పట్టినట్టు తెల్లగా ఉంటాయి. ఒకసారి నా బోను తాడుకు చిక్కి చెయ్యంత కొమ్మ విరిగి పైకి వచ్చింది. అంత ఎదగడానికి ఎన్ని తరాలు పట్టిందో! నా భార్య జీన్ చూసి, "కమిటీకి చెప్పెయ్యవయ్యా, నీ మొహం చూడలేక చస్తున్నా" అంది. ఆమె పోయి ఆరేళ్లు. చెప్పలేదు. ఆ కొమ్మ కమిటీలోని డైవర్ రేవాకు.

4. ఆ చోటు గుర్తులున్న నోటుపుస్తకం నా మరణానంతరం, అక్కడ ఇక బోనులు దిగకుండా, కమిటీ తరఫున రేవాకు ఇవ్వాలి. గుర్తులు ఇక్కడ రాయను. వీలునామా ఆమోదానికి కోర్టుకు వెళ్తే ఎవరైనా చదవొచ్చు, మర్నాడే లంగర్లు దిగుతాయి. మోరాగ్, నీ వేటలో సగం అక్కడిదే. "నా కడుపు కొట్టావు నాన్నా" అంటావు. నిజమే.

5. నాలుగో అంశం కొట్టేస్తున్నాను. నేను పోయాక కోర్టు ఆమోదించడానికి నెలలు పడుతుందట. మోరాగ్, నీ బోనులు వచ్చే వారమే ఆ గోడ మీదికి దిగుతాయి. పైగా, పోయాక ఇస్తే అదీ నాకు నొప్పి లేని త్యాగమే. ఈ సాయంత్రం ఈ సంగతి నీకు నా నోటితోనే చెబుతాను. నువ్వు ఏమన్నా సరే, గురువారం ఆ పుస్తకం నేనే తీసుకెళ్లి రేవా చేతిలో పెడతాను.

2025 మే 6, మంగళవారం
(సంతకం) యూయన్ మెక్‌రాస్టీ

మా కళ్లెదుటే సంతకం చేశారు:
ఐలీన్ పుల్లర్, పొరుగింటావిడ
డెస్మండ్ క్యూ, బేకరీ యజమాని