ఇద్రీస్ భాయ్, శుక్రవారం ఖాతా మూసెయ్యకు

మర్రిగూడ,
12 ఆగస్టు 2024, సోమవారం.

హుజూర్‌నగర్‌లో ఉన్న ఇద్రీస్ భాయ్‌కి,

నీ పాత కండక్టర్ వీరేశం సలాం చేసి రాసుకునేది. ఇక్కడ నేను, బిక్షమ్మ, రెండు బర్రెలు క్షేమం. వాన ఆలస్యమైనా పత్తి చేను మోకాలెత్తు లేచింది. నీ క్షేమం గురించి అడగను. పొద్దున అయిదున్నరకు నువ్వు ఫేస్‌బుక్‌లో పెట్టిన గులాబీ పువ్వు చూశాను కాబట్టి నిద్ర లేచావనీ, కళ్లజోడు దొరికిందనీ నాకు తెలిసిపోయింది.

కవరు మీద నా పేరు చూసి చింపి పారేస్తావేమో. జర ఆగు. పందొమ్మిదేళ్లు నేను విజిల్ వేస్తే బస్సు ఆపినవాడివి, ఇంకొక్కసారి ఆపు. పోస్టులో వేస్తే శుక్రవారంలోగా అందదని మీ ఊరి బస్సు కండక్టర్ ఎల్లస్వామి చేతికిచ్చి పంపుతున్నాను. ఫోను చేద్దామంటే నా నంబరు చూసి నువ్వు ఎత్తవు. ఏడేళ్లుగా మన మధ్య మాటల్లేవు కదా.

సంగతేమిటంటే, నిన్న నువ్వు ఒక ముచ్చట పెట్టావు. గీ ఫోన్‌ల మనుషులు లేరు, అన్నీ బొమ్మలే, కండ్లు పోవుడు తప్ప ఫాయిదా లేదు, శుక్రవారం నమాజ్ అయినంక ఖాతా బంద్ చేస్తున్న, అందరికీ ఖుదా హాఫిజ్ అని. అది చదివినప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. ఏమైందయ్యా, బర్రె ఇంకా ఈనలేదని ఫికరా అని బిక్షమ్మ అడిగింది. బర్రె కాదే, ఇద్రీస్ భాయ్ పోతాండు అన్నాను. అయ్యో దేవుడా, ఏ దవాఖానల ఉన్నడు అని అది గుండెలు బాదుకుంది. ఫేస్‌బుక్‌లోంచి పోతున్నాడని చెప్పేసరికి చేతిలో ఉన్న గంటె నా మీదికి విసిరింది.

మూసెయ్యకు భాయ్. అది అడగడానికే ఈ ఉత్తరం.

మా మనుమరాలు రూప నల్లగొండలో డిగ్రీ చదువుతోంది. మొన్న ఊరికి వచ్చి, కాలేజీ పని అంటూ ఒక కాగితాల కట్ట పట్టుకుని ఇంటింటికీ తిరిగింది. జనం ఈ ఫేస్‌బుక్ లాంటి వాటిలో ఒకసారి చేరాక ఏళ్ల తరబడి ఎందుకు వదలరు అన్నది దాని ప్రశ్న. మేకల పెద్దులు ఏం చెప్పాడో తెలుసా? మొదలు మేకల ధర చూద్దామని వచ్చిన బిడ్డా, ఇప్పుడు నా మేకపిల్లలను చూసుటానికి నాలుగు వందల మంది వస్తున్నరు, నేను పోతే వాళ్లేం గావాలె అన్నాడట. మా పక్కింటి సాలమ్మ ఇంకా నయం. మా అక్కతోని నాకు మాటల్లేవు, గని అది ఏ చీర కట్టిందో దినాం చూడకపోతే పానం కొట్టుకుంటది అందట.

నా వంతు వచ్చింది. కాగితంలో గడులున్నాయి. వార్తల కోసమా, కాలక్షేపానికా, అలవాటయిందా అని. నేను దర్జాగా వార్తల గడిలో టిక్కు పెట్టాను. తాతా, టీవీల వార్తలు పెడితెనే లేచి పోతవు, నాతోని అబద్ధమా అంది రూప. సరేనని కాలక్షేపానికి మార్చాను. బిక్షమ్మ ఊరుకుంటుందా! కాలం గడువక కాదు బిడ్డా, తెల్లారి లేస్తే మొకం గూడ కడగకుండ ఇద్రీస్ భాయ్ పువ్వు కోసం కూసుంటడు అని గుట్టు బయటపెట్టింది.

నిజమే. నేను ఈ ఫేస్‌బుక్‌ను మూడుసార్లు వదిలేశాను. ఒకసారి చేతులు జోడించిన బొమ్మ పెట్టి అందరికీ చెప్పి మరీ పోయాను, రెండో రోజుకే తిరిగొచ్చాను. ఇంకోసారి ఫోనును బియ్యం డబ్బాలో దాచాను, బియ్యం తీసేది బిక్షమ్మ కదా, ఆ పూటకే బయటపడింది. మూడోసారి కంటి ఆపరేషన్ అయినప్పుడు. పది రోజులు ఫోను ముట్టొద్దన్నాడు డాక్టరు. నాలుగో రోజుకల్లా రూపను పక్కన కూర్చోబెట్టుకుని, పువ్వు వచ్చిందా, ఏం రంగుది అని అడిగి తెలుసుకున్నాను.

పువ్వు వచ్చిందంటే మా ఇద్రీస్ భాయ్ ఉన్నాడు. నాకు అంతే కావాలి. నిరుడు రంజాన్‌కు ముందు రెండు రోజులు నీ పువ్వు రాలేదు చూడు. మూడో రోజు పొద్దున్నే చెప్పులేసుకుని బస్సెక్కాను. మిర్యాలగూడ బస్టాండులో ఉండగా ఫోను మోగింది. రీచార్జ్ అయిపోయింది, మాఫ్ చేయాలె అని రాసి ఒకేసారి మూడు పువ్వులు పెట్టావు. నీ తస్సాదియ్యా అని అక్కడే దిగి, నాలుగు మిర్చిబజ్జీలు తిని, ఎదురు బస్సులో ఇంటికొచ్చాను. అంత సంతోషంగా బజ్జీలు ఎన్నడూ తినలేదు.

ఇక అసలు పాపం గురించి చెప్తాను. 2017 జూలై ఒకటి. మన కాలం వాళ్లలో సగం మంది పుట్టింది జూలై ఒకటినే, బళ్లో చేర్చుకున్న సారు దయవల్ల. నీకు అరవై నిండాయని మన డిపో దోస్తుల గ్రూపులో మంచి పోస్టరు పెడదామనుకున్నాను. ఫోను కొన్న కొత్త. పోస్టర్లు చేసే యాప్‌లో చూస్తే వందల ఫ్రేములు. కేకులు, బెలూన్లు పిల్లగాండ్లకని వదిలేసి, బంతిపూల దండ, రెండు దీపాలు, వెనక తెల్లటి మబ్బులు ఉన్నది నిండుగా ఉందని పట్టాను. అరవై ఏళ్లని అందరికీ తెలియాలి కదా, కింద 1957 – 2017 అని వేశాను. అదీ చాలక, మా గుండెల్లో ఎప్పటికీ ఉంటావు భాయ్ అని రాశాను. ఒట్టు, ప్రేమతోనే రాశాను.

గంటలో మూడు డిపోల నుంచి జనం కదిలారు. యూనియన్ వాళ్లు పెద్ద పూలదండ తెచ్చారు. నువ్వు లుంగీ కట్టుకుని గడపలో మామిడిపండు జుర్రుకుంటూ ఉంటే, మెకానిక్ ఐలేశం ఏడ్చుకుంటూ నిన్ను దాటి లోపలికి పోయి, భాయ్‌ని ఎక్కడ పండబెట్టిండ్రు అని అడిగాడట. ఇంతవరకు ఎవరైనా నవ్వుకోవచ్చు. కానీ మీ అక్క, మన ఆపా, ఆ పోస్టరు చూసి, మెట్ల మీద నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. నువ్వు ఫోను చేసినప్పుడు తప్పయింది అనాల్సినవాణ్ని, చచ్చిండన్న మాట పుడితే ఆయుష్షు పెరుగుతదంటరు, ఇంక నూరేండ్లు ఉంటవు పో అని నవ్వాను. నువ్వు బేఅకల్, బుద్ధి లేనోడా అన్నావు. పుట్టినరోజు చేస్తే తిడతవా, నీకు నాకు చెల్లు అని నేను ఫోను పెట్టేశాను.

తప్పు నాది భాయ్. పోస్టరు తెలియక చేసిన తప్పు, నవ్వడం తెలిసి చేసిన తప్పు. ఆపాకు ఆ చెయ్యి ఇప్పటికీ సగమే లేస్తుందని తెలుసు. ఆమె ముందు నిలబడి చేతులు జోడిస్తాను, ఏం శిక్ష వేసినా సరే. ఈ రెండు మాటలు చెప్పడానికి ఏడేళ్లు పట్టింది చూడు, నా మొండితనం పాడుగాను!

మనం ఎట్లా ఉండేవాళ్లం భాయ్! రంజాన్ నెలలో సాయంత్రం సర్వీసు నడిపేటప్పుడు, మగ్రిబ్ వేళకు, పొద్దు గూకి ఉపవాసం విడిచే టైముకు, నువ్వు అడగకముందే నేను విజిల్ వేసేవాణ్ని. ఎందుకాపిండ్రు అని ప్యాసింజర్లు గొణిగితే, టైర్ల గాలి చూడాలె, కూసోండ్రి అని గద్దించేవాణ్ని. నువ్వు జేబులోంచి ఖర్జూరాలు తీసి, ఉపవాసం లేని నాకు కూడా ఒకటిచ్చేవాడివి. నీతో ఏం మాట్లాడేవాణ్నో ఒక్క ముక్కా గుర్తులేదు గానీ, బస్సు దిగేటప్పటికి కడుపు నిండా నవ్వి ఉండేవాళ్లం.

రూప కాగితంలో నా జవాబుకు గడి లేదు. చివరికి కింద ఖాళీ జాగాలో రాశాను, అక్కడ మా ఇద్రీస్ భాయ్ ఉన్నాడు, అందుకని వదలలేను అని. అది చదివి, గట్లయితే తాతా, ఆయనతోనే మాట్లాడరాదు, పువ్వుతోని ఏం మాట్లాడుతవు అంది. ఇరవై ఏళ్ల పిల్లకు ఉన్న తెలివి నాకు లేకపాయె.

అందుకని అడుగుతున్నాను. శుక్రవారం మూసెయ్యకు. మూసేదే అయితే ముందు నాకు ఒక్క మాట చెప్పు. రా అంటే బస్సెక్కుతాను, ఈసారి మిర్యాలగూడలో దిగను.

ఆపాకు, పిల్లలకు నా సలాములు.

పందొమ్మిదేళ్లు నీ వెనకాల విజిల్ పట్టుకుని నిలబడ్డ,
వీరేశం

తా.క.: నన్ను నువ్వు ఆ రోజే బ్లాక్ చేశావు. మరి పువ్వులు, రీచార్జ్, ఆపా చెయ్యి వీడికెట్లా తెలుసని ఈపాటికి తల గోక్కుంటూ ఉంటావు. మహబూబ్‌నగర్‌లో టీచరమ్మ శ్రీవాణి ఉంది కదా, నీ పువ్వుకు మొదటి లైక్ కొట్టేది, నువ్వు దినాం శుక్రియా బహెన్ అని రాసేది. ఆమె లేదు భాయ్. నేనే. షుగరు పరీక్ష చేయించుకో అన్నయ్యా అని పోరి పోరి నిన్ను దవాఖానకు పంపింది నేనే. నిరుడు రాఖీ బొమ్మ పంపితే, పోచంపల్లి చీర కొన్న, అడ్రసు పంపు బహెన్ అన్నావు, నాకు ముచ్చెమటలు పట్టాయి.

పది రోజుల కింద నువ్వు ఆ చెల్లెలికి రాశావు. నాకొక దోస్తు ఉండె బహెన్, నా కండక్టర్, వట్టి పాగల్‌గాడు, వాడు లేక ఏడేండ్ల సంది కడుపునిండ నవ్వలే, ఒక్కసారి తప్పయింది అంటే ఉరికి పోయి పట్టుకుందును అని. నేను చదవకూడని మాట. చదివాను. పశువుల కొట్టంలో కూర్చుని ఏడ్చాను. ఆ మాటకు శ్రీవాణి పేరుతో జవాబు రాయడానికి చెయ్యి రాలేదు. బహెన్ కూడా పలకకపోయేసరికే అక్కడ మనుషులు లేరని రాశావు, నాకు తెలుసు. ఉన్నారు భాయ్. నీకు రావాల్సిన జవాబు ఈ ఉత్తరమే.

ఇప్పుడే బిక్షమ్మకు అంతా చెప్పాను. నవ్వి నవ్వి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇద్రీస్ భాయ్ నన్నెప్పుడూ చెల్లె అనే పిలిచేటోడు, వచ్చే సోమవారం రాఖీ నేనే కడతా, ఆ చీర ఎవ్వలకు ఇయ్యొద్దని రాయి అంటోంది.