తలుపు కొట్టొద్దు, అమ్మ మాట్లాడుతోంది

అక్కకి,

చెల్లి నమస్కారాలు. సగం నిద్రలో రాస్తున్నాను. అక్షరాలు పక్కకి ఒరిగిపోతే నువ్వే నిలబెట్టి చదువుకో.

బేకరీలో నా పని రాత్రంతా అని నీకు తెలుసుగా. తెల్లారాక ఇంటికొచ్చి, కనుబొమల్లోని పిండి కడుక్కుని, కర్టెన్లు దించి పడుకుంటాను. ఈమధ్య కన్ను మూతపడగానే అమ్మ వస్తోంది. పోయాక ఇన్నేళ్ళలో ఒక్కసారీ రాలేదు, ఇప్పుడు రోజూ వస్తోంది. మన చిన్నప్పటి వంటిల్లే, కానీ నేలంతా జల్లించిన పిండి మెత్తగా పరుచుకుని ఉంటుంది. అమ్మ దానిమీదే నడిచి వస్తుంది, అడుగుజాడ ఒక్కటీ పడదు. వెలుతురు ఎక్కణ్ణించి వస్తుందో తెలీదు. తడిచేతులు తుడుచుకుంటూ నా మంచం దగ్గర ఆగి, "ఒసే చిన్నదానా" అంటుంది. ఇంకేదో చెప్పబోతుంది. సరిగ్గా అప్పుడే తలుపు టకటకా మోగుతుంది.

ఎవరనుకున్నావు? మతప్రచారకులు. ఒక పొడుగాయన, ఎండైనా నీడైనా గొడుగు వదలని ఒకావిడ. "దేవుడి గురించి రెండు మాటలు చెప్పి వెళ్తామమ్మా" అంటారు. వాళ్ళ రెండు మాటల కోసం అమ్మ ఒక్క మాట పోతోందక్కా! వాళ్ళ దేవుడితో నాకేం పేచీ లేదు, వేళతోనే పేచీ. నొప్పించకుండా ఎలా పంపించాలో చెప్పు. అమ్మ ఏమంటుందో వినేదాకా నా ప్రాణం నిలవదు.

ఆవలిస్తూ,
నీ చెల్లి

తా.క. మొదటిరోజు నిద్రమత్తులో తలుపు తీసి, వాళ్ళు రొట్టె కొనడానికొచ్చారనుకుని, "ముక్కలు కొయ్యమంటారా, అలాగే ఉంచమంటారా?" అని అడిగానట. పొడుగాయన రెండు మెట్లు దిగి నిలబడ్డాడు.

---

చిట్టికి,

అక్క ఆశీస్సులు. ఇంత చిన్న విషయానికి అంత పెద్ద ఉత్తరమా? నేను రైల్వే స్టేషన్లో విచారణ కిటికీ వెనక కూర్చుని జుట్టు నెరిపించుకున్నదాన్ని. వచ్చినవాణ్ణి వచ్చినట్టే వెనక్కి పంపడంలో నన్ను మించినవాళ్ళు మా స్టేషన్లో లేరు.

మొదటి పాఠం: బోర్డు. మనిషి నోటిమాటకి ఎదురు చెబుతాడు గానీ బోర్డుకి చెప్పలేడు. "రాత్రి పనిచేసేవాళ్ళు నిద్రపోతున్నారు. తలుపు కొట్టరాదు" అని పెద్దక్షరాలతో రాసి తగిలించు. ఇక నీ నిద్రకి ఢోకా లేదు.

కిటికీ ఇవతల నుంచి,
అక్క

తా.క. అమ్మ ఎలా ఉంది? చిక్కిందా?

---

అక్కకి,

బోర్డు పెట్టాను. వాళ్ళు చదివారు. చెప్పినట్టే విన్నారు. తలుపు కొట్టలేదు, కిటికీ కొట్టారు.

కర్టెన్ తీస్తే అద్దానికి అవతల గొడుగావిడ చెయ్యి ఊపుతోంది. "బోర్డు చూసి తలుపు జోలికి పోలేదమ్మా" అంది గర్వంగా. నాకు కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేకపోయింది. వాళ్ళిచ్చిన చిన్న పుస్తకం దీనితో పంపుతున్నాను. చదవబోతే మొదటి పేజీలోనే కళ్ళు మూతలు పడ్డాయి. తప్పు పుస్తకానిది కాదులే.

ఈసారి అమ్మ నా మంచం అంచున కూర్చుంది కూడా. పిండి వాసన, తడి వాసన కలిసి వచ్చాయి. "ఒసే చిన్నదానా..." అంతే. కిటికీ అద్దం టకటకా మోగింది. ఇలాగైతే నేనేం కానక్కా?

కళ్ళు నులుముకుంటూ,
చెల్లి

తా.క. అమ్మ చిక్కలేదు. నీకంటే కాస్త చిన్నదిగా కనిపిస్తోంది. కోప్పడకు.

---

చిట్టికి,

బోర్డుకి లొంగలేదంటే గట్టివాళ్ళే. అయితే నా దగ్గర తిరుగులేని మందుంది. రెండే మాటలు: "రేపు రండి."

దీని మహత్యం నీకు తెలీదు. నేనెంతమందికి చెప్పానో! పళ్ళు కొరుక్కుంటూ వెళ్ళిపోతారు, మళ్ళీ ఆ మొహం కనపడదు. కాదన్నట్టూ ఉండదు, అవునన్నట్టూ ఉండదు. గొంతులో ఏ భావమూ లేకుండా, ఎదుటిమనిషి చెవి పక్కగా గోడని చూస్తూ అనాలి. అద్దం ముందు నిలబడి సాధన చెయ్యి.

గెలుపు మనదేనంటూ,
అక్క

తా.క. నాకంటే చిన్నదిగానా? అమ్మ పోయేనాటికి నా ఇప్పటి వయసు లేదు. ఉత్తరం మడిచాక గుర్తొచ్చి, మళ్ళీ విప్పి ఇది రాస్తున్నాను.

---

అక్కకి,

నీ మందు వికటించింది. గోడని చూస్తూ, చేతనైనంత మొద్దుమొహం పెట్టి "రేపు రండి" అన్నాను. గొడుగావిడ కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. "ఇన్నేళ్ళుగా ఈ ఊరంతా తిరుగుతున్నాం. మళ్ళీ రమ్మన్న ఇల్లు ఇదొక్కటేనమ్మా" అంది. పొడుగాయన టోపీ తీసి గుండెకి హత్తుకున్నాడు.

మర్నాడు ఉతికి ఇస్త్రీ చేసిన బట్టలేసుకుని మరీ వచ్చారు.

నాకు ఏడుపొచ్చేసింది. ఉన్నదున్నట్టు చెప్పేశాను. "మా అమ్మ కల్లోకొచ్చి ఏదో చెప్పబోతుంది, మీరు తలుపు కొడతారు, ఆవిడ వెళ్ళిపోతుంది" అన్నాను. ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. "క్షమించమ్మా" అని, పుస్తకం కూడా ఇవ్వకుండా వెళ్ళిపోయారు.

ఇప్పుడు కొట్టడం మానేశారు. పొద్దున్నే వచ్చి మా మెట్ల మీద కూర్చుంటున్నారు! పాలవాడు వస్తే నోటిమీద వేలు. పై ఇంటివాళ్ళు చెప్పులు చేతిలో పట్టుకుని దిగాలి. గొడుగావిడ ఊలుతో ఏదో అల్లుకుంటుంది, పొడుగాయన గోడకి తల ఆనించి కళ్ళు మూసుకుంటాడు. మధ్యాహ్నం నాకు మెలకువొచ్చిన అలికిడి వింటే చప్పుడు కాకుండా లేచి వెళ్ళిపోతారు. ఇదంతా తాళంకన్నంలోంచి చూశాను.

అయినా అమ్మ చెప్పడం లేదక్కా. మంచం దాకా వస్తుంది, నన్ను పిలుస్తుంది, తలుపు వైపు చూస్తూ ఆగిపోతుంది. ఈ మెట్లమీది మనుషుల వల్లే మొహమాటపడుతోందేమో.

నీ చెల్లి

తా.క. పొడుగాయన గురక పెడతాడు. గొడుగావిడ గొడుగుతో పొడుస్తుంది.

---

చిట్టికి,

నీ ఉత్తరం చదివి, విచారణ కిటికీ మూసేసి మరీ ఇది రాస్తున్నాను. మెట్ల మీద కూర్చోవడమేమిటే? దాన్ని నువ్వు నిద్రకి కాపలా అనుకుంటున్నావు, నేను ఇంటిని ముట్టడించడం అంటాను! ఈ రోజు మెట్లు, రేపు గుమ్మం, ఎల్లుండి నీ కుర్చీ. మా కిటికీ దగ్గర బెంచీ వేస్తే ఏమైందో నాకు తెలుసు, జనం అక్కడే కాపురం పెట్టారు.

నువ్వు పంపిన పుస్తకం వెనక వాళ్ళ ఆఫీసు అడ్రసు ఉంది. ఫిర్యాదు రాసి పడేశాను. ఆ వీధిలో అడుగుపెట్టనివ్వొద్దని ఎర్రసిరాతో గీత కూడా గీశాను. నిశ్చింతగా పడుకో.

ఒక్కటి అడుగుతాను, నవ్వకు. అమ్మ నా కల్లోకి ఎందుకు రాదే? నేను పడుకునేది అందరూ పడుకునే వేళకే కదా, తలుపు కొట్టేవాళ్ళూ లేరు. దిండు మార్చాను, మంచం అటునుంచి ఇటు తిప్పాను. నాకూ చూడాలనుంది.

నీ అక్క

తా.క. అమ్మ మాట వినగానే నాకు తంతి కొట్టినంత వేగంగా ఉత్తరం రాయి.

---

అక్కకి,

విన్నాను.

నిన్న మెట్ల మీద ఎవరూ లేరు. ఎంత నిశ్శబ్దమంటే, పక్కింటి గడియారం నా గదిలో ఉన్నట్టు వినిపించింది. పడుకున్నాను. అమ్మ వచ్చింది, పిండి మీద అడుగు పడకుండా. మంచం అంచున కూర్చుంది. "ఒసే చిన్నదానా" అంది. అమ్మ నా భుజం తట్టి, "ఎవరో పాపం ఎప్పట్నుంచో తలుపు కొడుతున్నారే. కాళ్ళు పీకుతుంటాయి వాళ్ళకి. లేచి తియ్యి, కూర్చోబెట్టు" అంది.

అంతేనక్కా. ఇన్నాళ్ళూ చెప్పబోయింది అదే. చెప్పేలోపే వాళ్ళు కొట్టేవాళ్ళు, నేను కోపంగా లేచేదాన్ని.

లేచి తలుపు తీశాను. మెట్లు ఖాళీ. నీ ఎర్రగీత పనిచేసింది. అంత సిగ్గు నాకెప్పుడూ వెయ్యలేదు. రాత్రి తెచ్చుకున్న రొట్టె చేతిలో పట్టుకుని, పడుకున్న బట్టల్లోనే వీధులన్నీ తిరిగాను. కల ఇంకా పూర్తిగా వదల్లేదేమో, రోడ్డు కూడా మెత్తగా ఉన్నట్టే అనిపించింది. చివరికి దొరికారు. వెనక వీధిలో ఒక ఇంటిముందు నిలబడ్డారు. లోపల రేడియో మోగుతోంది, తలుపు మాత్రం ఎవరూ తియ్యడం లేదు. "మీ వీధికి వెళ్ళొద్దన్నారమ్మా మా ఆఫీసువాళ్ళు" అన్నాడు పొడుగాయన, తప్పు తనదే అన్నట్టు.

చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. కుర్చీలో కూర్చున్నారు, అవును, నువ్వన్న కుర్చీలోనే. కాళ్ళు చాపుకున్నారు. రొట్టె తిన్నారు. వాళ్ళ రెండు మాటలూ పూర్తిగా విన్నాను. నా దేవుణ్ణి నేను మార్చుకోలేదు, వాళ్ళూ పట్టుబట్టలేదు. ఇక నా పనిలేని రోజున, సాయంత్రం వేళ వస్తామన్నారు.

ఆ ఆఫీసుకి వెంటనే ఇంకో ఉత్తరం రాయి. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని, మీవాళ్ళు మంచివాళ్ళని రాయి. ఎర్రసిరా వాడకు.

నిద్ర తీరిన
నీ చెల్లి

తా.క. అమ్మ వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఈ సంగతి మీ అక్కకి చెప్పకు, నన్ను కోప్పడుతుంది" అంది. నీకు చెప్పకుండా ఉండలేకపోయాను. ఇవాళ నువ్వు కాస్త నవ్వుమొహంతో పడుకో, నీ కల్లోకి రావడానికి అమ్మ ధైర్యం చేస్తుందేమో.