పెళ్లికొడుకు కోటులో మీ నాన్న

చిరంజీవి చిట్టితల్లికి,

అమ్మ ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. మీ నాన్న మరీ క్షేమం. పూటపూటా ఫోన్లో తన మొహం చూసుకుని రూఢి చేసుకుంటూనే ఉన్నారు.

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరాలేమిటమ్మా అని అడిగావు. చేస్తే బతకనిస్తారా? పోయినసారి పరీక్ష తప్పానని నువ్వు ఏడిస్తే, ‘కూతుర్ని ఓదారుస్తున్న తండ్రి’ అని వెనక పాట జోడించి వీడియో పెట్టేశారు. బోలెడు లైకులొచ్చాయని నా దగ్గరే మురిసిపోయారు. అందుకే ఈ కాగితం.

ఆ నీలం కోటు నాన్నదేనా అని కూడా అడిగావు. మన మొహానికి అంత కోటా! అది వెనక వీధి పెళ్లికొడుకుది. మన దర్జీ కొట్లో ఇప్పుడు ఏ బట్ట కుట్టినా ముందు తను తొడుక్కుని ఫోటో పెట్టాలి, ఆ తర్వాతే ఇవ్వడం. గిరాకీల కోసం పెట్టిన నిలువుటద్దం కూడా ఆయన మిషన్ పక్కకి చేరింది.

నిన్న ఆ పెళ్లికొడుకు తల్లి ఊగిపోతూ వచ్చింది. “మావాడి పెళ్లి కోటు వాడికంటే ముందు మీరు తొడుక్కుని ఊరేగుతారా? ఇది మాకొద్దు. ఎల్లుండి పొద్దుటికి కొత్తది కుట్టివ్వండి. లేదంటే మీ గడప ఇంకెవర్నీ తొక్కనివ్వను” అంది. మీ నాన్న ఏమన్నారో తెలుసా? “కాస్త వెలుతురులోకి జరగండమ్మా, వీడియో సరిగా రావట్లేదు.” నాకు తల కొట్టేసినట్టయింది. ఏళ్ల తరబడి వస్తున్నవాళ్లే ఒక్కొక్కరూ మానుకుంటున్నారు. ఆవిడ కూడా ఊరంతా చాటిందంటే కొట్టు మూసుకోవాల్సిందే.

ఇక నీకు చెప్పకుండా దాచిన మాట. నువ్వు హాస్టల్‌కి వెళ్లాక ఆయన డీలాపడిపోయారు. ఫోటోలు పెడితే పలికే దిక్కు లేదు. జాలేసి, నీ పాత ఫోన్లో దొంగపేరుతో ఖాతా తెరిచి, ‘మీ చేతిలో కళ ఉందండీ’ అని రాశాను. ఎగిరి గంతేశారు. అప్పట్నుంచి రోజూ రాస్తూనే ఉన్నాను. ఈ పిచ్చికి నీళ్లు పోసి పెంచింది నేనే తల్లీ. అదే మాట ఎదురుగా చెబితే తలెత్తరు. ఫోన్లో చదివితే కళ్లు తుడుచుకుంటారు.

ఇవాళ మధ్యాహ్నం ఆ అభిమానికి ఇలా రాశారు: ‘మా ఇంట్లో నా పని మెచ్చుకునే మనిషే లేదండీ. మీరొక్కరే.’ గోడకి ఇవతల కూర్చుని, కొత్త కోటుకి కాజాలు కుడుతూ చదివాను. ఒళ్లు మండిపోయింది. ఉండబట్టలేక, ‘మీ ఆవిడ ఉన్నారుగా’ అని రాశాను.

వెంటనే జవాబు వచ్చింది. ‘ఆవిడకేం తెలుసండీ, గుండీలు కుడుతుంది.’

ఆ ఖాతా అక్కడే మూసేశాను. ఇప్పుడు ఆయన అద్దం పక్కన కూర్చుని, “ఏమైందో ఏమో, పలకడం లేదు” అని గొణుక్కుంటూ ఫోన్ అటూ ఇటూ తిప్పుతున్నారు. రేపు పొద్దున్నే కోటు ఇవ్వాలి. ఒక్క గుండీ కూడా కుట్టలేదు. ఇటు వచ్చి, నా మొహం చూసి అడగనీ. అప్పుడు కుడతాను.

ఇట్లు,
గుండీలు కుట్టే మీ అమ్మ