ఎడపల్లిల నీ ఇంటికి పోయినం

అక్కా,

ఈ ఎండకాలం పిల్లలను తీసుకొని కారుల బోధన్ పోతూ, ఎడపల్లిల మీ ఇంటికాడ ఆగినం. నువ్వు పోయినంక బావ చేసుకున్నామెను చూసుడు నాకదే మొదలు. ఆమె వంటింట్ల ఉన్నదనుకొని నీ బిడ్డను దగ్గరికి పిలిచిన.

"ఆమె నిన్ను కొడతదా?" అని అడిగిన.

"ఎవలు చిన్నమ్మా, అమ్మనా?" అన్నది పిల్ల.

తలెత్తి చూస్తే ఆమె నీళ్లచెంబుతోని గడపల నిలబడ్డది. నా మాట విన్నది.

"మా అక్క చెల్లెవు, తినకుంట ఎట్ల పోతవ్?" అని అన్నం పెట్టింది. దారిల పిల్లలు తింటరని సర్వపిండి గూడ కట్టిచ్చింది.

సిగ్గుతోని ఆమె ముఖం చూడలేకపోయిన. కారు కదిలినంక "పోయొస్త అక్కా" అన్న. ఆమెకు వినపడలే.