ఊయల ముందు శాపం

ఓర్వకల్లు, 1956 మార్చి, బుధవారం.

ఈరోజు రాళ్లగుట్ట దగ్గర నా శాపం సీను తీశారు. మంత్రగత్తె వేషంలో నేను ఊయలలోని రాకుమారుణ్ణి రాయివై పొమ్మని శపించాలి. రాకుమారుడిగా పడుకోబెట్టడానికి ఈ ఊరి కూలిమనిషి మరియమ్మ తన నాలుగు నెలల కొడుకును తెచ్చింది. రిహార్సల్లో నా మాటలు వినగానే పరుగున వచ్చి బిడ్డను ఎత్తుకుంది.

"ఆటకైనా ఆ మాట అనొద్దమ్మా. నా బిడ్డకు తగుల్తాది."

వెలుతురు పోతోందని డైరెక్టరుగారు కేకలేశారు. ఆమె కదలలేదు. బిడ్డ షాటు విడిగా తీయండి, నేను ఖాళీ ఊయలను శపిస్తాను అని చివరికి నేనే అన్నాను. విసుక్కుంటూనే ఒప్పుకున్నారు. ఒక్క టేకులో అయిపోయింది. చివరి మాట దగ్గర నా గొంతు వణికింది. అందరూ అది నటన అనుకుని మెచ్చుకున్నారు.

రంగు కడుక్కుంటుంటే మరియమ్మ నీళ్లు పోసింది.

"శానా మేలు చేసినావమ్మా. నీకెంతమంది పిల్లోల్లు?"

"ఒకడు."

"యాడుండాడు?"

"మద్రాసులో."

అబద్ధమేమీ కాదు. వాణ్ణి పూడ్చిపెట్టింది అక్కడే. రేపు బిడ్డ షాటు కోసం మళ్లీ వస్తుంది. వాడి పేరేమని అడుగుతుందేమో. మేము వాడికి ఇంకా పేరు పెట్టనే లేదు...