సేఫ్ మోడ్‌లో ఆగిన చుక్క

మార్చి 3, సోమవారం

ఫోన్ మళ్లీ చచ్చింది. మిల్లు అమ్మాయి ఏడుస్తూ మాట్లాడుతుంటే సరిగ్గా మధ్యలో. స్క్రీన్ బిగుసుకుపోవడం, దానంతట అదే రీస్టార్ట్ కావడం. కొన్నాళ్లుగా ఇదే తంతు.

సూపర్‌వైజర్ మీద ఫిర్యాదు చేసిన పాపానికి ఆ పిల్ల ఇల్లు వదిలి దాక్కుంది. శుక్రవారం విచారణ. అప్పటిదాకా ఎక్కడుందో మిల్లువాళ్లకి తెలియకూడదు. తెలిస్తే నోరు మూయిస్తారు. నాకూ, మేడ మీద గది ఇచ్చిన రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్‌కీ తప్ప మూడో మనిషికి తెలియదు. వెధవ పని చేసినవాడు దర్జాగా డ్యూటీకి వెళ్తున్నాడు. నిజం చెప్పిన పిల్ల కిటికీ తలుపు కూడా తియ్యకూడదు. దీనికి న్యాయం అని పేరు!

మార్చి 4, మంగళవారం

మా పత్రికలో పేజీలు పెట్టే ఆవిడ నా ఫోన్ చూసి నవ్వింది. లోకం మొత్తాన్నీ రిపేరు చేస్తానంటారు, చేతిలో ఫోన్ మాత్రం చేయించుకోరేం మేడం అంది. సేఫ్ మోడ్‌లో పెట్టి ఇచ్చింది. పవర్ బటన్ నొక్కి, స్క్రీన్ మీద పవర్ ఆఫ్ అని వచ్చినచోట వేలు అలాగే ఆన్చి ఉంచింది. ఓకే కొట్టగానే రీస్టార్ట్ అయి, కింద మూలన సేఫ్ మోడ్ అని పడింది. మనం ఎక్కించుకున్న యాప్‌లన్నీ ఇప్పుడు నిద్రపోతాయట. ఫోన్‌తోపాటు వచ్చినవే పనిచేస్తాయట. ఒక పూట ఇలా వాడండి, బిగుసుకోకపోతే ఫోన్ మంచిదే, దొంగ ఎక్కించినవాటిలోనే ఉన్నాడని అర్థం అంది.

పదకొండింటికి ఆఫీసు నుంచి బయటపడి అమ్మాయి దగ్గరికి వెళ్లాను. సాయంత్రందాకా అక్కడే. ఫోన్ ఒక్కసారి కూడా బిగుసుకోలేదు.

సాయంత్రం 7

ఇంట్లో అడుగు పెట్టానో లేదో మా ఆయన అందుకున్నాడు. పొద్దున్నుంచీ ఆఫీసులోనే అతుక్కుపోయావు, తిండైనా తిన్నావా అని.

నేను ఆఫీసులో లేను. ఉన్నానని ఎవరితోనూ అనలేదు. మరి ఈయనకెవరు చెప్పారు?

మార్చి 5, బుధవారం, ఉదయం

దొరికింది. యాప్‌ల వరసలో ‘బ్యాటరీ కేర్’ అని ఒకటి. నేను ఎక్కించింది కాదు. తీసెయ్యబోతే కుదరదంటుంది, దానికి అడ్మిన్ అధికారం ఉందట. నా ఫోన్ మీద నాకు లేని అధికారం!

మా ఆయన్ని నిలదీశాను. నీ క్షేమం కోసమే, తమ్ముడు పెట్టాడు అన్నాడు. మ్యాప్‌లో నేనొక ఎర్ర చుక్కనట. ఎక్కడికి వెళ్తే అక్కడికి కదులుతానట. నిన్న సేఫ్ మోడ్ పెట్టగానే యాప్ పడుకుంది, చుక్క ఆఫీసు మీదే ఆగిపోయింది. సమానత్వం గురించి సభల్లో నాకంటే గట్టిగా మాట్లాడే మనిషి! అడిగితే ఒప్పుకునేదానివా అంటాడు. ఒప్పుకోననే కదయ్యా అడగంది? మేకకు కట్టే గంటకీ దీనికీ తేడా ఏమిటో చెప్పమన్నాను. గంట అయితే మేకకు వినబడుతుంది కూడా.

అసలు ప్రశ్న అప్పుడు తట్టింది. ఇంకెవరి ఫోన్‌లో కనిపిస్తుంది? తమ్ముడికీ కనిపిస్తుంది, పెట్టింది వాడే కదా అన్నాడు.

మా మరిది పనిచేసేది ఆ మిల్లులోనే. హాజరు రాసే టైమ్ ఆఫీసులో. ఫోన్ స్లో అయింది, ఇటివ్వు వదినా చూస్తాను అని పోయిన నెల తీసుకున్నాడు. టీ పెట్టి మరీ ఇచ్చాను.

ఆ మేడ గదికి ఎన్నిసార్లు వెళ్లానో! ప్రతిసారీ చుక్కని వెంటబెట్టుకునే వెళ్లాను.

మధ్యాహ్నం

ఫోన్ ఇంట్లో వదిలి వెళ్లాను. మొన్న ఎవరో కరెంటు మీటర్ చూస్తామని వచ్చి, మేడ మీద ఎవరుంటున్నారని అడిగి పోయారని హెడ్మిస్ట్రెస్ చెప్పింది. అమ్మాయి సంచి సర్దుకోకముందే చెయ్యి పట్టుకుని కిందికి లాక్కొచ్చాను. వేరేచోట పెట్టాను. ఎక్కడో ఇక్కడ కూడా రాయను.

మార్చి 6, గురువారం

యాప్ తీసెయ్యలేదు. తీస్తే మాకు తెలిసిందని మిల్లువాళ్లకి తెలుస్తుంది. ఫోన్‌ని మామూలు మోడ్‌లోకి తెచ్చి మా ఆయన చేతిలో పెట్టాను. రేపు అమ్మాయిని విచారణకి తీసుకెళ్లేది నేనేనని వాళ్లకి తెలుసు. ఈ చుక్కనే పట్టుకుంటారు. కాబట్టి పొద్దున్నే దీన్ని నువ్వు మోసుకెళ్లి, ఊరికి ఆ చివర రైల్వే స్టేషన్‌లో కూర్చో అన్నాను.

తమ్ముడు అంతకి దిగజారడు, నువ్వంటే వాడికి ఎంత గౌరవమో నీకు తెలీదు అన్నాడు. దిగజారకపోతే హాయిగా బెంచీ మీద పేపర్ చదువుకుని రా, నష్టమేముంది అన్నాను.

ఛార్జర్ తీసి జేబులో పెట్టుకున్నాడు.

మార్చి 7, శుక్రవారం

విచారణలో అమ్మాయి మాట్లాడింది. ఒక్క ముక్క కూడా మింగలేదు.

మా ఆయన ఇప్పుడే వచ్చాడు. బెంచీ దగ్గరికి ఇద్దరు వచ్చారట. అన్నయ్యా నువ్వా, అన్నాడట వాళ్లలో ఒకడు.