లావు మేడమ్

జూలై 3

న్యూట్రిషన్ కోర్సు థర్డ్ ఇయర్ మొదటి ప్రాక్టికల్. నిన్నంతా ఏం తిన్నారో ఒకరినొకరు అడిగి రాసుకోవాలి. దీన్ని డైట్ రీకాల్ అంటారు. క్లాసంతా ఉడికించిన గుడ్లు, కీరా ముక్కలు, గ్రీన్ టీతోనే బతుకుతోందని తేలింది. నిన్న మధ్యాహ్నానికే క్యాంటీన్‌లో పఫ్‌లు అయిపోయాయి. ఎవరు తిన్నారో మరి.

నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. రెండు పఫ్‌లు, మూడుసార్లు టీ, రాత్రి అన్నం మారు వడ్డించుకోవడం. మేడమ్ దాన్ని గట్టిగా చదివి వినిపించారు. క్లాసు నవ్వింది.

నేను నవ్వలేదు. తలా దించలేదు.

జూలై 9

హాస్పిటల్ పోస్టింగులు వేశారు. అందరికీ పేషెంట్లకు తిండి సలహాలిచ్చే డైట్ ఓపీ. నాకొక్కదానికే కింద వంటగది. మార్కుల్లో క్లాసులో నాది రెండో స్థానం.

కారణం అడగడానికి మేడమ్ గదికి వెళ్లాను. తలుపు వెయ్యమన్నారు. నా మంచికే చెబుతున్నారట. సన్నబడమని చెప్పేవాళ్లు ముందు తాము సన్నగా ఉండాలి కదమ్మా, బట్టతలాయన తలనూనె అమ్మితే ఎవరు కొంటారు అన్నారు. గుండె డాక్టర్లకు గుండెపోటు రాకూడదని రూలుందా మేడమ్ అన్నాను. ఎదురు చెప్పకన్నారు. చెప్పలేదు, అడిగానన్నాను. లావుగా ఉన్నందుకే వంటగది అని కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వమన్నాను.

చివరికి, ఒక్క రోజు ఓపీ ఇస్తాను అన్నారు. నేను చూసిన పేషెంట్ రెండోసారి నా కోసమే తిరిగొస్తే పోస్టింగ్ మారుస్తారట. డైట్ ఓపీకి రెండోసారి వచ్చేవాళ్లు ఎంత తక్కువో ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. సరే అన్నాను.

ఇంటికొచ్చి చెబితే అమ్మ, హాయిగా బ్యాంకు పరీక్ష రాసుకోవే, కౌంటర్ అద్దం వెనక కూర్చుంటే నడుమెవరు చూస్తారే అంది. అంటూనే ఇంకో గరిటె వడ్డించింది.

జూలై 14, సాయంత్రం

నా ఒక్క రోజు అయిపోయింది.

పేషెంట్ సిటీ బస్ డ్రైవర్. షుగర్. పోయినసారి ఇచ్చిన ప్రింటెడ్ చార్ట్ చేతిలో మడత నలగకుండా ఉంది. ఎనిమిదికి టిఫిన్, పదకొండుకు పండు అంటూ బడిపిల్లాడిలా ఆరు పూటలూ ఒప్పజెప్పాడు. షుగర్ మాత్రం దిగడం లేదు, అందుకే డాక్టర్ బలవంతాన మళ్లీ పంపారు.

పెన్ను మూసేశాను. నిన్న నేనేం తిన్నానో చెప్పాను. పఫ్‌తో సహా.

పైనుంచి కిందికి ఒకసారి చూశాడు. మీరు కూడానా మేడమ్ అన్నాడు. ఆ తర్వాత ఆపమన్నా ఆగేలా లేడు. పదకొండుకు తను బ్రిడ్జి మీద ఉంటాడట. బస్సాపి ఆపిల్ తింటే ప్యాసింజర్లు నన్ను తింటారు అన్నాడు. దారిలో టాయిలెట్ లేదు కాబట్టి నీళ్లు తాగడు. పొద్దున్నే ఖాళీ కడుపున మాత్ర మింగుతాడు. కాసేపటికి చేతులు వణుకుతాయి. అందుకని గేరు పక్కన కూల్ డ్రింకు. రాత్రి ఇంటికెళ్లి రోజంతటిదీ ఒకేసారి తింటాడు. ఇదంతా ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే, ఆ సన్నటి మేడమ్‌లకు చెప్పాలంటే సిగ్గేసిందన్నాడు.

వణుకు సంగతి విని ముందు డాక్టర్ గదికి తీసుకెళ్లాను. మాత్ర వేసుకునే వేళ ఆయన మార్చారు. తిరిగొచ్చి చార్ట్ వెనక్కి తిప్పాను. గంటల బదులు స్టాపులు రాశాను. డిపోలో ఇది, ట్రిప్పు చివర ఇది, డ్యూటీ మారేటప్పుడు ఇది.

జూలై 15

మేడమ్ పదికి నాలుగు వేశారు. ఆరు పూటల ఫార్మాట్ పాటించలేదట. పేషెంట్‌కు సొంత తిండి గురించి చెప్పడం ఈ వృత్తికి తగదట. అతను నిజం చెప్పాడన్నాను. నిజమని నీకెలా తెలుసన్నారు. అబద్ధమైతే ఇంకా అందంగా ఉండేదన్నాను.

రేపటి నుంచి వంటగది.

జూలై 24

ఉప్పు లేని ట్రేలు సర్దుతుంటే పుల్ల వచ్చింది. నా బెంచ్‌మేట్. ఆ పేరు క్లాసు పెట్టింది. ఓపీలో తన దగ్గర అందరూ కీరా ముక్కలే చెబుతున్నారట, ఆ డ్రైవర్ చేత ఎలా చెప్పించావే అని అడిగింది. ముందు నువ్వు నిన్నేం తిన్నావో చెప్పవే అన్నాను.

ఏం తినలేదే అంది.

మిగిలిన ట్రే ఒకటి ఇచ్చాను. నిలబడే మొత్తం తింది.

ఆగస్టు 4

వంటగదిలో నా సైజు ఏప్రన్ లేదు. రెండు కలిపి కుట్టించుకున్నాను.

ఆగస్టు 11

పైనుంచి ఫోన్. డ్రైవర్ వచ్చాడు. పుల్ల కూర్చోమంటే కూర్చోలేదట. నా పేరు తెలియక, మేడమ్ ముందే, ఆ లావు మేడమ్ కావాలి అన్నాడట.

ఏప్రన్‌తోనే వెళ్లాను. ఓపీలో అందరూ నేల చూస్తున్నారు. ఆ లావు మేడమ్ నేనే అన్నాను. మేడమ్ పుల్ల కూర్చునే కుర్చీ నాకు చూపించారు.

నిన్న ఏం తిన్నారు మేడమ్ అని ముందు డ్రైవరే నన్ను అడిగాడు.